యోహాను కట్టిన మూడో పెట్టె

ఆళ్లగడ్డ,
12 జూలై 1957

ప్రియమైన బావకు,

లూదియా వందనాలు. ఈడ నేను బాగుండా. నువ్వు వేళకు తింటాండావని, దగ్గు మళ్లీ రాలేదని నమ్ముతా.

ఒక సంగతి. మా బడి దొరసాని పోయిన సోమవారం ఓడెక్కి ఇంగ్లండు సీమకు ఎల్లిపాయె. పోతా పోతా తన రికార్డు మిషను, పన్నెండు పెద్ద రికార్డులు నాకిచ్చింది. "పిల్లలకు పాట చెప్పేదానివి, నీ దగ్గరుంటేనే వీటికి మేలు" అనింది. కీ తిప్పే పాత గ్రామఫోను కాదు బావా, కరెంటుది. బూర లేదు. దాని తీగె రేడియో వెనక పెడితే పాట రేడియోలోంచి రావల్ల. పెట్టినా. వచ్చింది, సీసాలో పడిన దోమ పాడినట్టు! పక్కింటి జయలక్ష్మమ్మ చెవి ఆనించి, "పాపం, ఎవరో చానా దూరంలో ఏడుస్తాండారే" అనింది.

దొరసాని ఇంట్లో ఇదే మిషను గోడలు నిండేట్టు పాడేది. ఆమె దగ్గర మధ్యలో ఇంకో చిన్న పెట్టె ఉండె. ప్రీ-యాంప్లిఫయరు అంటారంట. అది ఆమెతోనే పోయింది. మద్రాసులో రకరకాలు దొరుకుతాయంట. ఏది మంచిదో నాకేం తెలుసు? రేడియోలు బాగుచేసే మొగుణ్ణి పెట్టుకోని ఇంకొకరిని అడిగితే నవ్వుతారు.

ఇంకో మాట. నువ్వు క్షయ ఆసుపత్రి నుంచి వచ్చి ఎనిమిది నెలలాయె. రొమ్ము బాగైందని నువ్వే రాస్తివి. నన్ను రావద్దంటావు, నువ్వు రావు. నంద్యాల ఏమన్నా సముద్రం అవతల ఉందా? బస్సెక్కితే శిరివెళ్ల, శిరివెళ్ల దాటితే నువ్వు. పెండ్లికి ముందు చర్చిలో నేను పాడతాంటే కండ్లు మూసుకోని కూచునేవాడివి. మా నాయన "అల్లుడు నిద్రపోతాండాడే" అనేవాడు. నిద్ర కాదని నాకు తెలుసు.

పెట్టె సంగతి రాయి. నీ సంగతీ రాయి.

నీ
లూదియా

* * *

నంద్యాల,
21 జూలై 1957

ప్రియమైన లూదియాకు,

నీ జాబు మూడుసార్లు చదివినా. దోమ కాడికి వచ్చినప్పుడల్లా నవ్వొచ్చింది.

తప్పు మిషనుది కాదు. దాని ముల్లు కాడ సన్న అయస్కాంతం ఉంటుంది. ముల్లు రికార్డు గాడిలో వణికితే రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ రవ్వంత రేడియోకు ఆనదు. అదొకటి. రెండోది, గాడి కోసేటప్పుడు మంద్రం ఉన్నదున్నట్టు కోస్తే గాడులు ఒకదాంట్లోకొకటి పడిపోతాయి. అందుకని కింది మంద్రం తగ్గించి, పై తారం పెంచి కోస్తారు. ఆ పెంచింది దించి, దించింది పెంచి, పాటను మళ్లీ పాటగా చేసేదే నీ చిన్న పెట్టె.

మూడు దావలుండాయి. ఒకటి, ముల్లు మార్చి స్ఫటికం ముల్లు పెట్టుకోవడం. పెట్టె అక్కర్లేదు, గట్టిగా పాడుతుంది. కానీ బరువు ముల్లు, రికార్డును దున్నేస్తుంది. నీకది వద్దు. రెండు, మద్రాసు నుంచి ఒక గాజు వాల్వుల పెట్టె తెప్పించడం. మూడు, నేనే రెండు వాల్వులతో కట్టడం. ముందు మద్రాసుది చూద్దాం. మా కొట్టు వెంకటేశ్వర్లు శెట్టి గారు ఈ వారం మద్రాసు పోతాండారు.

వచ్చినాక ఎట్లుందో రాయి. "బాగుంది, బాగలేదు" అని రాయొద్దు. దేని మాదిరి ఉందో రాయి. దోమ అన్నావే, అట్ల.

డాక్టరు ఇంకొన్నాళ్లు దూరంగా ఉండమన్నాడు. తొందరపడొద్దు.

నీ బావ
యోహాను

* * *

ఆళ్లగడ్డ,
18 ఆగస్టు 1957

ప్రియమైన బావకు,

పెట్టె చేరింది. బస్సు డ్రైవరు చంటిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చినాడు. ఆయన మోసినదాన్ని నువ్వు మోసుకోని రాకూడదా?

సరే, విను. పొద్దున్నే, బడికి పోకముందు పెట్టినా. ముందు వయొలిన్ రికార్డు, దాని వెనకే మనిషి పాడే రికార్డు. బావా, గొంతు వచ్చింది! దూరంలో ఏడ్చే మనిషి దగ్గరికొచ్చి గడపలో నిలబడింది. కానీ లోపలికి రాలే. తారానికి పోయినప్పుడల్లా కాలిన పెనం మీద దోసె పిండి పోసినట్టు చుయ్యిమంటాంది. పాటలో "స" వచ్చినప్పుడు చెవిలో గడ్డిపోచ పెట్టినట్టుండాది. పాట లేని కాడ, నల్లరేగడి చేను మీద మధ్యాన్నం తుమ్మెద తిరిగినట్టు ఒకటే రొద.

జయలక్ష్మమ్మ మాత్రం "ఇంత బాగుంటే ఇంకేం కావల్ల నీకు" అంటాంది. ఏం కావల్లో ఆమెకెట్ల చెప్పేది?

దేని మాదిరో రాయమంటివి, రాసినా. రాస్తాంటే ఒకటి తోచింది. ఇన్నేండ్లు పాట చెప్తాండా గానీ, శబ్దాన్ని ఇంత నిదానంగా ఎన్నడూ వినలే.

నీ
లూదియా

* * *

నంద్యాల,
4 సెప్టెంబరు 1957

ప్రియమైన లూదియాకు,

దోసె పిండి చాలు నాకు. తారం దించడం చాలలేదని తెలిసిపాయె. తుమ్మెద కరెంటు తీగెది, వాల్వుకు దగ్గరగా పోనిచ్చినారు. ఆ పెట్టె వెనక్కి పంపు. నేను ఒకటి కడతాండా. దీనికి కరెంటు పెట్టె విడిగా, రెండు మూరల దూరంలో ఉంటుంది.

ఈసారి వీణ రికార్డు పెట్టు. తీగె మీటినాక ఆ శబ్దం ఎంతసేపు నిలబడతాందో, యాడ సన్నబడి యాడ ఆరిపోతాందో రాయి. వాన పడేటప్పుడు ఒకసారి, వాన లేనప్పుడు ఒకసారి విను. తొందరలేదు, ఎంత పొడుగైనా రాయి.

పోయిన ఆదివారం మధ్యాన్నం కునుకు పట్టింది. కలలో కుందూ ఏరు రేడియోలోంచి పారతాంది. నేను టంకం కడ్డీ పట్టుకోని ఒడ్డున కూచున్నా. నువ్వు నీళ్ల మీద నడుస్తా పాడతాండావ్. ఏం పాడినావో ప్రతి మాటా తెలిసింది. మేలుకుంటే మాటలు పోయినాయి, గొంతు ఉండిపాయె. అది కూడా పోకముందే ఈ జాబు రాస్తాండా.

నీ బావ
యోహాను

* * *

ఆళ్లగడ్డ,
10 అక్టోబరు 1957

ప్రియమైన బావకు,

నీ పెట్టె పాడతాంది. తుమ్మెద ఎగిరిపోయింది. పాట లేని కాడ ఇప్పుడు ఉత్త నిశ్శబ్దం, తడిపిన నేల మాదిరి చల్లగా.

వీణ పెట్టినా. వానలో, వాన లేనప్పుడు, రెండుసార్లూ. మంద్రం తీగె మీటితే రొమ్ములో తగుల్తాంది. నల్లమల మీద ఉరిమితే మన కిటికీ తలుపు వణుకుతుందే, అట్ల. కానీ అదే ఎక్కువైంది. పై తీగెలు దుప్పటి కప్పుకున్నాయి. మనుషుల పాట పెడితే బావిలోకి దిగి పాడతాండారు. తీగె ఆరిపోయే కాడ, నాకు తెలుసు అది ఇంకా ఉందని, కానీ పెట్టె ముందే తలుపేస్తాంది. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే నీదే ఉంచుకుంటా. అయినా ఇంకా రావల్ల.

ఇప్పుడు నా మాట విను. నంద్యాల మిషను బడిలో పాట టీచరు పని ఖాళీ ఉంది. అర్జీ పెట్టమని పెద్ద పంతులమ్మ అంటాంది. పెట్టేదా? నేను అడిగేది బడి సంగతి కాదని నీకు తెలుసు. డాక్టరు మాట అడ్డం పెట్టుకోవద్దు. నేను రావడం నీకిష్టమా, కాదా? ఒక్క మాటతో రాయి.

నీ
లూదియా

* * *

నంద్యాల,
19 అక్టోబరు 1957

లూదియాకు,

అర్జీ పెట్టొద్దు. ఆళ్లగడ్డలో నీకు మంచి పేరుంది. ఆడనే ఉండు.

మూడో పెట్టె కడతాండా. డ్రైవరుతో పంపిస్తా.

యోహాను

* * *

ఆళ్లగడ్డ,
17 నవంబరు 1957

బావకు,

నిన్న శనివారం నేను నంద్యాల వస్తిని.

నీ జాబు నాలుగు వారాలు దిండు కింద పెట్టుకున్నా. ఇంకో ఆడది ఉందేమో అనుకున్నా. రోగం తిరగబెట్టిందేమో అనుకున్నా. ఏదైనా సరే నీ మొహంలో చూద్దామని బస్సెక్కితిని.

మధ్యాన్నం మూడు గంటలకు కొట్టు కాడ దిగినా. నువ్వు వెనక్కి తిరిగి కూచోనుండావ్. ముందర రేడియో విప్పి ఉంది. "బావా" అంటిని. నువ్వు తిరగలే. కోపమనుకోని ఇంకోసారి అంటిని. మూడోసారి బజారంతా తిరిగి చూసింది, నువ్వు తప్ప. అప్పుడు నీ చెయ్యి చూస్తిని. ఐదు వేళ్లూ స్పీకరు అట్ట మీద ఆనించి, మరను రవ్వంత తిప్పుతా, కండ్లు మూసుకోనుండావ్.

శెట్టి గారు పక్కకొచ్చి, "గట్టిగా పిలిచినా లాభం లేదమ్మా. భుజం తట్టల్ల" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన కాడినుంచే. నువ్వెవరమ్మా?"

"వాళ్ల మామ కూతుర్ని." పెండ్లాన్నని చెప్పేదానికి నోరు రాలే.

"అయితే నీకు తెలీదా?"

"తెలుసు" అంటిని. అబద్ధమే.

భుజం తట్టేదానికి చెయ్యి లేచింది. కానీ నువ్వు దాచుకున్నదాన్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకునేది నాకు చేతకాలే. చెయ్యి దించుకోని నాలుగు గంటల బస్సెక్కినా. శిరివెళ్ల దాకా ఏడిస్తి. ఆడినుంచి ఇంటిదాకా నిన్ను తిడతా వస్తి.

నీ నోటితో చెప్పు. దాపరికం లేకుండా రాయి.

లూదియా

* * *

నంద్యాల,
26 నవంబరు 1957

ప్రియమైన లూదియాకు,

ఆసుపత్రిలో పూటకో సూది వేసేవాళ్లు. ఒకనాడు వార్డులో గంట మోగతానే ఉందనిపించింది. పక్క మంచం ఆయన్ను అడిగితే గంటే లేదన్నాడు. డాక్టరును అడిగినా. "ఈ మందు ఆపితే ఊపిరి నిలబడదు, ఆపకుంటే చెవి పోవచ్చు" అన్నాడు. "వేయండి సారూ, నా భార్యను చూడల్ల" అన్నా. ఆ గంట నెల రోజులు మోగింది. ఒక పొద్దు లేచేసరికి అది కూడా లేదు.

నిన్ను చూడల్లనే అన్నా. బాగై వచ్చినాక నీ ఎదురుగా నిలబడే ధైర్యం రాలే. నువ్వు పాడతావు, నేను వింటా. మన కాపరంలో నా పనంతా అంతే గదా. ఆ పనికి పనికిరానివాణ్ణి ఏ మొహంతో రమ్మనేది? నా ముందు పాడలేక పాడలేక నువ్వు పాటే మానేస్తావని భయపడితి. అబద్ధాలు రాసినా. తప్పే.

మొదటి పెట్టె మద్రాసు వాళ్లది. రెండోది పుస్తకం చూసి కట్టినా. రేపు వచ్చే మూడోదానికి పుస్తకం లేదు. నీ జాబుల్లోని మాటలు ఒక్కొక్కటి గోడ మీద రాసుకున్నా. "దోసె పిండి" పక్కన ఒక లెక్క, "బావిలో పాట" పక్కన ఒకటి. రెంటికీ మధ్యన వెతుక్కుంటా పోయినా. తీగె ఆరిపోయే చోటు కోసం పదకొండు రోజులు కూచున్నా. అది ఎట్లుందో నాకు తెలీదు. ఎన్నటికీ తెలీదు.

పెట్టె నీది. నా కోసం నీ బతుకు ఆపుకోవద్దు. ఆడనే ఉంటానంటే నీ మీద కోపం పెట్టుకోను.

నీ బావ
యోహాను

* * *

ఆళ్లగడ్డ,
22 డిసెంబరు 1957

ప్రియమైన బావకు,

జాబు ఆలస్యం చేసింది కోపంతో కాదు. సగం కోపంతోనే. మిగిలిన సగం, మూడో పెట్టెను పూర్తిగా వినకుండా రాయకూడదని.

పన్నెండు రికార్డులూ విన్నా. చుయ్యి లేదు. బావి లేదు. వీణ తీగె మీటితే, పొద్దున్నే చేలమీద మంచు విడిపోయినట్టు శబ్దం నిదానంగా పలచనై, ఇంక లేదనుకున్నాక కూడా రవ్వంత ఉండి, అప్పుడు పోతాంది. పాడే ఆమె రికార్డు పెడితే ఒక వింత. పాట మొదలు కాకముందు ఆమె ఊపిరి పీల్చుకుంటాంది బావా. ఏ పెట్టెలోనూ అది వినపడలే, దొరసాని ఇంట్లో కూడా. జయలక్ష్మమ్మ ఉలిక్కిపడి "ఎవరొచ్చిరే?" అని తలుపు చూసింది. ఇదే నా పెట్టె. ఇంకోటి వెతకొద్దు.

ఆ పనికి పనికిరానంటివే. మనం కలిసున్న నాలుగేండ్లు నేను పాడితే నువ్వేమంటివి? "బాగుంది" అంటివి. అంతే. ఈ ఐదు నెలల్లో నేను విన్నదాన్ని నువ్వు మాట మాటా అడిగి, గోడ మీద రాసుకోని, చేత్తో కట్టి పంపితివి. ఇంతగా నా మాట విన్నవాళ్లు ఎవరూ లేరు. నాకు చెవులుండే మొగుడు కావల్లని ఎవరు చెప్పిరి నీకు? ఒక్కసారన్నా నన్నడిగితివా?

ఇంకోటి విను. అర్జీ పెట్టేదా అని నిన్ను అక్టోబరులో అడిగితిని గదా. అడగకముందే పెట్టేసినా! నువ్వొద్దంటే వెనక్కి తీసుకుంటానని నాకు నేను చెప్పుకున్నా. నువ్వొద్దంటివి, నేను తీసుకోలే. నీ అబద్ధాలకు నాదొకటి చెల్లు. నిన్న ఉత్తరువు వచ్చింది. జనవరి రెండో తేదీ పనిలో చేరల్ల.

జాలిపడి రావడంలే. నీ మీద ఇంకా కోపముంది, అది తీరేదాకా పోట్లాడల్ల, దానికి ఒక ఇంట్లో ఉండల్ల. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు చూడు, తొందరగా. కిటికీ వెలుతురు బాగుండేది చూడు. పాట మానను. నువ్వున్నా పాడతా, లేకున్నా పాడతా. నా గొంతు మీద ఎప్పుడు వేళ్లు ఆనించాలనిపిస్తే అప్పుడు ఆనించు.

నేను అరిచి మాట్లాడను. ఎదురుగా కూచోని నిదానంగా మాట్లాడతా. నా పెదాలు చూసి తెలుసుకోవడం నేర్చుకో. నేర్చుకునేదాకా పలక మీద రాసిస్తా. పంతులమ్మను, తప్పులు రాయను. నువ్వు మాత్రం సగం చదివి అంతా తెలిసినట్టు తలూపితే ఒప్పుకోను.

ఒకటో తేదీ పొద్దున బస్సుకు వస్తాండా. సామాను చానా ఉంది, బండి మాట్లాడి పెట్టు.

నీ
లూదియా