జబ్బు చేప ఒక్కటే

అక్కా,

ఫోన్ చేస్తే నీ కూతురు పక్కనే ఉంటుందని రాస్తున్నాను. మీరు ఊరెళ్తూ నాకు అప్పగించిన అక్వేరియంలో చేపలన్నీ పొద్దున్నే వెల్లకిలా తేలి ఉన్నాయి. తెల్ల మచ్చలొచ్చాయని వేరే సీసాలో ఉంచి మందు వేస్తున్న చేప ఒక్కటే బతికింది.

దాని జబ్బు మిగతావాటికి అంటకూడదని మొన్న ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద జిగురంతా పోయేదాకా రుద్ది కడిగాను. నీళ్లలో విషం చేరకుండా చూసేది ఆ జిగురులోని సూక్ష్మజీవులేనట. నిన్న చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలనుకుని ఇంకాస్త మేత వేశాను. ఊపిరాడకేమో అని నాకెందుకు తట్టలేదో!

ఇందాక నీ కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, మా జబ్బుది ఎలా ఉంది?"

"మచ్చలు పోయాయే బంగారం."

"అయితే వాటితో కలిపెయ్యి పిన్నీ, పాపం ఒక్కతే బెంగపెట్టుకుంటుంది!"

సరేనన్నానో లేదో కూడా గుర్తు లేదు.

దానికి నువ్వేం చెప్పకు. మీరొచ్చాక నేనే చెబుతాను. సీసాను మాత్రం అక్వేరియం పక్కనుంచి తీయలేకపోతున్నాను. ఆ చేప ఇంకా అటువైపు గాజుకే మూతి ఆనించి చూస్తోంది.

నీ చెల్లి