ఫైలుకున్న కుర్చీ

శ్రీయుత డిప్యూటీ సెక్రటరీ సుధీంద్ర గారి సముఖమునకు,
న్యూఢిల్లీ.

అయ్యా,

విషయం: నా ఎడమ కాలిని రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, పైకెత్తి పెట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి.

తమ సెక్షన్‌లో అసిస్టెంటుగా పనిచేయుచున్న కమలాకుమారి, ఇందిరాపురం నివాసి, వ్రాసుకొను మూడవ అర్జీ. హిందీలో వ్రాసినది, ఇంగ్లీషులో వ్రాసినది రెండును ఫర్నిచరు విభాగమునకు పోయినవి. తమరు మనవారే గనుక ఇది మన భాషలో.

1. అధికారి ఫైలు చదువునంతసేపు తెచ్చినవారు బల్ల ముందు నిలబడవలెనను ఆనవాయితీ ఏ సర్క్యులర్‌లోనూ లేదు, వెతికితిని. అయినను పంతొమ్మిదేళ్లుగా నిలబడితిని. తమ గదిలో అదనముగా రెండు కుర్చీలున్నవి. రెండింటిమీదను ఫైళ్లే. ఫైలుకు కుర్చీ ఉన్నది, మోసుకొచ్చినదానికి లేదు.

2. వ్యాధి పురోగతి: మన సెక్షన్‌లో ఏ ఫైలూ ఇంత క్రమముగా ముందుకు కదలలేదు. మొదట పిక్కమీద సన్నని నీలి గీతలు. పిదప నరములు ఉబ్బి మెలికలు తిరిగినవి. తరువాత సాయంకాలమునకు కాలు వాచి చెప్పు పట్టుట లేదు. ప్రస్తుతం చీలమండ పైన చర్మము నల్లబడి దురద. డాక్టరమ్మ చెప్పినది: "రక్తం పైకి పోవాలి కదమ్మా, లోపలి కవాటాలు పాడై కిందికే జారుతోంది. కదలకుండా నిలబడ్డారో, ఇక్కడే పుండు పడుతుంది. మానడానికి నెలలు పడుతుంది."

3. చికిత్స: మంచము దిగకముందే బిగుతు మేజోళ్లు తొడుగుట. జూన్ ఎండలో అవి తొడుక్కొని మెట్రోలో నిలబడి వచ్చినవారికే తెలియును, అబ్బబ్బ! ఇంకను నడక, పాదములు ఆడించుట, గుండె కంటె ఎత్తున కాలు పెట్టుట. ఇంటివద్ద మా అమ్మాయి స్నిగ్ధ "మమ్మీ, పైర్ ఊపర్ రఖో!" అని, కాలు పైన పెట్టుకొమ్మని కసిరి దిండ్లు పేర్చును.

4. ఆఫీసులో అట్టపెట్టెమీద కాలు పెట్టుకొనగా, "అధికారి గది వైపు కాలు చూపుట క్రమశిక్షణారాహిత్యము" అని మెమో వచ్చినది. బల్ల తిప్పితిని. అటు క్యాలెండరులో వెంకటేశ్వరస్వామి. మరల తిప్పితిని. అటు జాతీయ జెండా. మిగిలినది స్త్రీల మరుగుదొడ్డి వైపు; లోపల ఎవరైనా మేడం గారున్నప్పుడు అటు పెట్టిన కాలును దించవలెనట.

5. కాళ్లపీట నా హోదాకు రాదనియు, రెండు ప్రమోషన్లు కావలెననియు ఫర్నిచరు విభాగము తెలిపినది. నా కాలికి అంత ఓపిక లేదు సార్. రోజూ రాత్రి మేజోడు విప్పి, పుండు పడిందేమోనని చూసుకుంటున్నాను. భయంగా ఉంది.

కావున ఒక కుర్చీమీది ఫైళ్లు దింపించి నన్ను కూర్చొననిచ్చి, పైన కోరిన పావుగంటలు మంజూరు చేయ ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్రస్తుతము నిలబడియున్న
కమలాకుమారి

తా.క.: నిన్న పెద్ద సెక్రటరీ గారి గదికి మీ వెనకే ఫైళ్లు పట్టుకుని వచ్చాను. ఆయన నలభై నిమిషాలు చదివారు, మీరు నిలబడ్డారు. ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఎన్నిసార్లు మారారో! బయటికొచ్చి, ప్యాంటు పైకిలాగి పిక్క గోక్కున్నారు. సన్నటి నీలి గీతలు, బాబూ. నాకూ అలాగే మొదలైంది. మీది ఇంకా చేయి దాటిపోలేదు. డాక్టరుకు చూపించండి, కాలి కొలత తీయించుకుని మేజోళ్లు కొనుక్కోండి. ఆ కుర్చీలు రెండూ ఖాళీ చేయించండి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను, రెండోదాని మీద మీరు కాలు పెట్టుకోండి. ఎటు వైపు పెట్టుకున్నా మీకు మెమో ఇచ్చేవాళ్లు ఈ గదిలో లేరు.