నీళ్ళు ఊరికే పోతుంటే

ఇంటిదానికి నీ పెనిమిటి రాస్తున్నది.

నేను బాగున్నాను. కాళ్ళూ చేతులూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఈ మాట మొదట కనబడకపోతే నువ్వు మిగతాది చదవకుండా కాగితం పట్టుకుని కూర్చుంటావని అమ్మ ఒకసారి చెప్పింది. అందుకని ముందే రాశాను. నువ్వూ, అమ్మా, చిన్నదీ కులాసాగా ఉన్నారని అనుకుంటాను.

నీ ఉత్తరం తడిసి వచ్చింది గానీ అక్షరాలు చెదరలేదు. అడిగినవి చాలా ఉన్నాయి. తేలికవి ముందు చెబుతాను.

దగ్గు తగ్గింది. కొత్త బూట్లు ఇచ్చారు, మడమ దగ్గర కరుస్తున్నాయి. తిండికి లోటు లేదు. మా వంటాయన ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆపుకోలేడు. "ఉప్పు కషాయం చేశావేంటయ్యా" అంటే, "పొద్దంతా చెమటలో పోయేదే కదా, నోరు మూసుకుని తిను" అంటాడు. అమ్మకి కళ్ళజోడు మార్పించు. సూదిలో దారం ఎక్కించడానికి చిన్నదాన్ని పిలుస్తోందంటే చూపు ఆనడం లేదన్నమాట. తనంతట తను చెప్పదు.

నాన్న అక్కడ ఏం చేస్తాడని చిన్నది అడుగుతోందని రాశావు. నేల ఊడుస్తాడని చెప్పు. అబద్ధం కాదు. యుద్ధం చేసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. పోతూ పోతూ చేలల్లో పాతిన మందుపాతరలు అలాగే వదిలేశారు. వాటిని వెతికి తీస్తే ఊరివాళ్ళు మళ్ళీ దుక్కి దున్నుకుంటారు. మా పని అదే. పొద్దున్నే టీ తాగి బయలుదేరతాం. ముందు గడ్డిని కత్తెరతో కోస్తాం. ఆ తరవాత యంత్రాన్ని నేల మీద తిప్పుతూ చెవుల్లో కూత వస్తుందేమో వింటాం. కూత వస్తే బోర్లా పడుకుని సన్నటి చువ్వని ఏటవాలుగా గుచ్చి చూస్తాం. నిలువుగా గుచ్చకూడదు. ఏమీ లేదని తేలిన నేలకి రెండు పక్కలా తెల్ల పట్టీ పరుచుకుంటూ జానెడు జానెడుగా ముందుకి పోతాం. పట్టీ లోపల చూసిన నేల, అవతల చూడని నేల. ఎంత పని పడినా పట్టీ దాటకూడదు. పట్టీ లోపల కూడా ముందువాడి అడుగులోనే అడుగు వెయ్యాలి, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి. నా నిదానం చూసి వీళ్ళు నాకు తాతయ్య అని పేరు పెట్టారు. మా పనిలో అది పొగడ్తే అనుకో.

కూత పెట్టినవన్నీ మందుపాతరలు కావు. మేకులు, సీసా మూతలు, గుర్రపు నాడాలు, విరిగిన కొడవళ్ళు. ఎవరో పని మధ్యలో పారేసి పరుగెత్తిన కొడవళ్ళు అవి. ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తారని అడిగావు కదా, వాటికి తుప్పు గీకి, నూరి, కొత్త పిడులు వేస్తుంటాను. పిడికి కర్ర చెక్కుతుంటే మనసు ఒక చోట ఉంటుంది. తయారైనవాటిని మా గేటు దగ్గర తీగకి వేలాడదీస్తే తిరిగొచ్చిన ఊరివాళ్ళు చూసి ఎవరివి వాళ్ళు పట్టుకుపోతున్నారు. మొన్న ఒక ముసలమ్మ వచ్చి ఒకదాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇది నాదే. పిడి మాత్రం నీ మొహంలా పొడుగైంది, కొంచెం కొయ్యి నాయనా" అంది. కోసి ఇచ్చాను. చిన్నదానికి ఒక చిన్న బండి చేశాను. చక్రాలు సీసా మూతలవి. ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేతికే ఇచ్చాను.

ఇక బరువైనవి.

పై చేను పెద్దాయన మన చేను కౌలుకి అడుగుతున్నాడని, దుక్కి మొదలయ్యేలోగా మాట చెప్పాలని రాశావు. "మీ కొలువు గడువు అయిపోతోంది. ఇంకో విడత ఉంటారా, వస్తారా? వచ్చేటట్టయితే నేనెందుకు కౌలుకి ఇవ్వాలి? రానట్టయితే ఒక్కదాన్ని ఎన్నాళ్ళని చెయ్యాలి? ఒక్క మాట రాయండి" అన్నావు. దాని కిందే ఇంకో మాట. "అయినా చేలో దిగని దొరగారికి చేను ఎందుకులెండి. ఆ రోజు బూట్లకి మట్టి అంటుతుందని దిగలేదు కాబోలు. చిన్నదాని చెయ్యి కమిలిపోయింది, అది ఇప్పటికీ అందరికీ చూపిస్తోంది, నాన్న ఇక్కడ పట్టుకున్నాడు అని."

ఆ ముక్క చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను. నీకు కోపం రావడం న్యాయమే. మోకాలు నొప్పి అని చెప్పాను కదా ఆ రోజు. నా మోకాలికి ఏమీ లేదు. దాన్ని గురించి చెప్పాలంటే మా జట్టులోని పొడుగోడి గురించి చెప్పాలి.

పోయాడని మాత్రం రాశాను నీకు. ఎలా అని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. వరసలో నా ముందు నడిచేవాడు. వాళ్ళ నాన్న కాలవల మీద నీళ్ళు కట్టే మనిషి. సొంతానికి జానెడు భూమి లేదు గానీ ఊరందరి చేలకీ నీళ్ళు ఆయన చేతి మీదుగానే పోయేవట. వీడూ అంతే. ఎక్కడ కుళాయి కారుతున్నా పోయి కట్టేసేవాడు. స్నానాల గదిలో ఒకసారి ఒంటి మీద సబ్బుతో ఉన్నవాడి కుళాయి కట్టేస్తే వాడు తిట్టిన తిట్లకి మేమంతా పడి పడి నవ్వాం. "నీళ్ళు ఊరికే పోతుంటే ఎట్టా చూస్తార్రా మీరు, మనుషులేనా" అనేవాడు. మా గదుల వెనక కూరల మడి వాడు వేసిందే. కొలువు అయిపోయాక చిన్న చేను ఒకటి కొనుక్కుని, దానికి తనే నీళ్ళు కట్టుకోవాలని వాడి కోరిక. నా చేను సంగతులు అడిగి అడిగి చెప్పించుకునేవాడు. మన కాలవ ఏ వైపు నుంచి వస్తుందో, గట్టు ఎక్కడ బలహీనమో, అన్నీ వాడికి తెలుసు. చూడకుండానే తెలుసు.

ఆ రోజు మేం పట్టీ లోపల వరసగా వెనక్కి వస్తున్నాం. పని అయిపోయింది. పక్కన మొక్కజొన్న చేను, అటు ఇంకా చూడలేదు. పై ఊళ్ళో ఎవరో కాలవకి నీళ్ళు వదిలినట్టున్నారు, చాలా ఏళ్ళకి నీళ్ళు వచ్చాయి. గట్టు తెగి ఆ నీళ్ళన్నీ గుంటలోకి పోతున్నాయి. అందరం చూశాం. పొడుగోడు ఆగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యబోతున్నాడో నాకు తట్టలేదు. ఎందుకంటే అది నేను రోజూ చూసే పని. మా నాన్న చేసేది, నువ్వు చేసేది. గండి పడితే మనిషి దిగుతాడు, పూడుస్తాడు. అందులో వింత ఏముంది? వాడు పట్టీ దాటి ఒక కాలు అటు పెట్టాక గానీ మేం ఎక్కడ ఉన్నామో నాకు గుర్తు రాలేదు. వాడికీ రాలేదు. వాడి మొహంలో భయం లేదు, ఇంటి దగ్గర పని చేసుకునేవాడి మొహం అది.

ఆ తరవాతిది రాయను.

వాడు పోయాక కూడా నేను వరసలో వాడి చోటు వదిలి నడుస్తున్నాను. కావాలని కాదు. సార్జెంటు వెనక నుంచి అరుస్తాడు, "ఎవడి కోసంరా ఆ ఖాళీ? ముందుకి జరుగు" అని. జరుగుతాను. కాసేపటికి చూసుకుంటే మళ్ళీ ఖాళీ ఉంటుంది. యంత్రం తిప్పుతూ వింటుంటే, కూత లేని చోట ఏమీ వినబడకూడదు. నాకు నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. తల ఎత్తితే పట్టీ చివర వాడు నిలబడి ఉంటాడు, ప్యాంటు మడుచుకుని. నావైపు చూడడు. నీళ్ళ వైపే చూస్తుంటాడు. దెయ్యం అనే మాట నేను రాయను. నువ్వు అమ్మ చేత దిష్టి తీయించే ఏర్పాట్లు చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, అంతే.

ఇంతకీ నేను ఇక్కడ భయపడడం లేదు. అది నీకు అర్థం కావాలి. ఇక్కడ నేల మీద పట్టీ ఉంది. ఏది చూసిన నేలో, ఏది చూడని నేలో తెలుసు. మన చేలో పట్టీ లేదు.

పోయిన సెలవులో నువ్వు చేలోంచి కేకేశావు. "ఏమండీ, గండి పడింది, పార పట్టుకు రండి" అని. పార తీసుకుని బండిదారి దాకా బాగానే వచ్చాను. దారి దిగాలి. కాలు లేవలేదు. మన చేను, నేను పుట్టినప్పటి నుంచీ తొక్కిన నేల, అందులో ఏమీ లేదని నాకు తెలుసు. తెలుసు గానీ కాలికి తెలియలేదు. నువ్వు అరుస్తున్నావు, "నీళ్ళన్నీ పోతున్నాయి, బొమ్మలా నిలబడతారేంటి" అని. తెగిన గట్టు దగ్గర పొడుగోడున్నాడు. వంగుతున్నాడు. నువ్వు విసురుగా వచ్చి నా చేతిలో పార లాక్కుని అటే పోయావు. నువ్వు బురదలో కాలు పెట్టినప్పుడు కళ్ళు మూసుకున్నాను. అప్పుడే చిన్నది నా పక్క నుంచి అమ్మా అంటూ చేలోకి ఉరికింది. దాని చెయ్యి దొరికింది, వెనక్కి లాగాను. ఎంత గట్టిగా లాగానో నాకు తెలియదు. అది ఏడుస్తున్నా వదల్లేదు. దాని మీద కోపంతో కాదు. నువ్వు అలా అనుకోవద్దు, దాన్నీ అనుకోనివ్వద్దు.

సెలవు అయ్యేదాకా చేను వైపు రాలేదు. నువ్వు అడగడం మానేశావు. అలా మానేసినప్పుడే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఇక్కడికి వచ్చాక సార్జెంటు అడిగాడు, "తాతయ్యా, ఉంటావా, పోతావా" అని. ఉంటానని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. ఉంటే సుఖం. పట్టీ లోపలే నడవచ్చు. మన చేను పెద్దాయనకి ఇచ్చెయ్యమని నీకు రాద్దామనే కాగితం తీశాను. రెండు మాటల పని. అవి రాయలేక బయటికి వచ్చాను.

గదుల వెనక పొడుగోడి మడి ఉంది కదా. వాడు పోయాక నేను అందులో కాలు పెట్టలేదు. పక్కన ఇటుకల మీద నిలబడి చెంబుతో నీళ్ళు విసురుతున్నాను. చివర ఉన్న మొక్కలకి అందక అవి వాడిపోతున్నాయి. నేను అలా నిలబడి ఉండగా వంటాయన గిన్నె పట్టుకుని వచ్చి, టమాటాలకని టపటపా మడిలోకి నడిచిపోయాడు. తడి నేల మీద చెప్పుల జాడలు పడ్డాయి. నేను వాటినే చూశాను. ఒక మనిషి నడిచిన నేల. ఇటుక దిగి మొదటి జాడలో కాలు పెట్టాను. ఆగాను. రెండోదాంట్లో పెట్టాను. వంటాయన తిరిగి చూసి, "ఏంటి తాతయ్యా, నా చెప్పుల కొలత తీస్తున్నావా? కొత్తవి కొనిపెడతావా ఏంటి" అన్నాడు. కొనిపెడతానన్నాను. చివరి మొక్క దాకా పోయి నీళ్ళు పోసి, అవే జాడల్లో వెనక్కి వచ్చాను. చొక్కా పిండితే నీళ్ళు కారేటంత చెమట పట్టింది. వంటాయన, "ఇంత పనికే అంత చెమటా? అందుకే ఉప్పు తినమనేది" అన్నాడు.

సాయంత్రం సార్జెంటుకి చెప్పాను, పోతానని.

కాబట్టి పెద్దాయనకి మన చేను ఇవ్వడం లేదని చెప్పు. మర్యాదగా చెప్పు, ఆయనతో మనకి పని పడుతుంది. నేను గడువు అవగానే వస్తాను. వచ్చాక ఎవరూ లేనప్పుడు నన్ను చేలోకి తీసుకుపో. నువ్వు ముందు నడువు. చెప్పులు వేసుకోకు, నేల తడిగా ఉన్నప్పుడు పోదాం, అడుగులు బాగా పడాలి. వాటిలోనే నేను వస్తాను. మా పనిలో ఇంకొకరిని ముందు నడవమని ఎవరూ అడగరు. ఎవరి వంతు వస్తే వాళ్ళు పోతారు. నిన్ను అడుగుతున్నాను. ఎంత పెద్ద మాట అడుగుతున్నానో నాకు తెలుసు, అందుకే ఇన్ని కాగితాలు పట్టింది. చిన్నది నవ్వితే నవ్వనీ. దాన్ని కూడా నా వెనక రమ్మను, ఆట అనుకుంటుంది.

నడుస్తూ నడుస్తూ నీకూ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలానంటే, జరగమని అరవకు. మెల్లగా జరుగుతాను.

ఇంకొక్క పని. నేను వచ్చేలోగా మన కాలవ గట్టు పొడుగునా చూసి, బలహీనంగా ఉన్నచోటల్లా మట్టి వేయించి గట్టిగా తొక్కించు. ఎక్కడా గండి పడకూడదు. పొడుగోడికి మన గట్టు సంగతి అంతా తెలుసు. నీళ్ళు ఊరికే పోతుంటే చూసి ఊరుకోలేడు.

ఇట్లు,
చిన్నదాని నాన్న