మఠం గోడలో పదకొండు పంక్తులు

1958 ఏప్రిల్ 11

మోత్కూరు నుంచి ఆరు మైళ్లు, సైకిల్ మీద. శైవ మఠంలో మిగిలింది నాలుగు స్తంభాలు, కప్పు లేని గది, ఒక దిగుడుబావి. ఊళ్లో బావులన్నీ ఎండాయి, ఇందులో నీళ్లున్నాయి. రాళ్లు కొట్టే గాలయ్యను, అతని వాడవాళ్లను పటేల్ రఘుపతి ఇందులో దిగనివ్వడు. బావి అందరిదని రుజువు తెమ్మన్నాడు తహసీల్దార్.

గోడలో శాసనం ఉంది. గాలయ్య భార్య గోపమ్మ జొన్నపిండి తెచ్చి, కనబడేలా అక్షరాల్లో రుద్దింది. రాత్రికి గట్క కాచుకోవడానికి దాచిన పిండట. పదకొండు పంక్తులు. పాత లిపి నాకు కొంత వచ్చు. మఠంలో అన్నం, బావిలో నీళ్లు బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ. అర్థం నోట్ చేసుకున్నాను.

గా సాధువులు మంచోళ్లే సారూ, గందుకే ఒక్కడు గూడ మిగల్లేదు అన్నాడు గాలయ్య.

ఏప్రిల్ 12

పురావస్తు శాఖకు ఉత్తరం వేశాను. వాళ్ల మనిషి వచ్చి రాతిమీద కాగితం అద్ది నకలు తీయాలి. అప్పటిదాకా ఆగితే ఇంకో పేపర్ వాడు రాసేస్తాడని ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆగలేదు.

ఏప్రిల్ 16

ఫస్ట్ పేజీ, బాక్స్ ఐటం. బావి మెట్ల పక్కన, తూర్పు గోడ అని కూడా రాశాను. కచ్చితంగా రాయడం ఇరవై ఏళ్ల అలవాటు.

ఏప్రిల్ 21, మధ్యాహ్నం

తూర్పు గోడలో మనిషి దూరేంత కంత. రాయి లేదు. కింద పిడికెడంత ముక్కలు.

రఘుపతి కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. మీ పేపర్ జూసి లంకెబిందెలున్నయనుకొని ఎవరో తవ్విండ్రు, మేమేం జేస్తం, జాగ జెప్పింది మీరే గద అన్నాడు. చివరి మాట నిజం.

గోపమ్మ నావైపు చూడకుండానే అంది: పేపర్ల నీళ్లచ్చినయట గద సారూ, ఇటియ్యి, పిండుకొని తాగుతం.

ఏప్రిల్ 24

తహసీల్దార్ కటింగ్ చదివి తిరిగిచ్చాడు. పేపర్ రుజువు కాదన్నాడు. నా నోట్‌బుక్‌లో అర్థమే ఉంది, అక్షరాలు లేవు.

ఏప్రిల్ 27

పురావస్తు శాఖ నుంచి కార్డు. మే రెండున మనిషి వస్తాడు.

గాలయ్య బస్టాండ్‌లో పట్టుకున్నాడు. గది లోపటి గోడల గసుంటి రాయే ఇంకోటున్నది, నువ్వు అక్షరాలు గీసియ్యి, నేను చెక్కుత అన్నాడు. అది దొంగ శాసనం అవుతుందన్నాను. పలగ్గొట్టినోడు దొంగ గాదు, మళ్ల చెక్కెటోడు దొంగనా సారూ అని అడిగాడు.

బస్సు ఎక్కాను.

ఏప్రిల్ 29

గది లోపలి రాతిమీద బొగ్గుతో గీసిచ్చాను. తొమ్మిది పంక్తులు గుర్తున్నంత వరకు. రెండు నేను కల్పించినవి. ఏవో గాలయ్యకు చెప్పలేదు.