దీపం పెట్టే వేళ జరిగిన సర్వేను రద్దు చేయుట గురించి

కార్ఖానా, సికింద్రాబాద్
తేదీ: 10-8-2021

కోవిడ్ సహాయ నిధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

(ఈ సీటులోకి కిందటి వారం మేడమ్ గారు వచ్చారని మీ గుమాస్తాల్లో ఒకరు, ఇంకా రాలేదని ఇంకొకరు చెప్పారు. వచ్చి ఉంటే 'అమ్మా' అని చదువుకోగలరు. మిగతా అర్జీ ఎవరికైనా ఒకటే.)

విషయం: చిరు వ్యాపారులకు, కార్మికులకు కోవిడ్ సహాయము – మా దుకాణమునకు 'నష్టం లేదు' అని నమోదైన మాట నిజము కాదనియు, ఆ మాట అన్నది నేనే అనియు, అయినను దానిని నమ్మవద్దనియు మనవి.

సూచిక: దరఖాస్తును తిరస్కరిస్తూ తమరు పంపిన రెండు వాక్యాల ఉత్తరము.

పై విషయమును పురస్కరించుకొని ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నా పేరు చుండూరి వెంకటేశ్వర్లు. మాది తెనాలి. ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, కార్ఖానాలో 'ముహూర్తం వెడ్డింగ్ కార్డ్స్' అనే దుకాణం పెట్టి శుభలేఖలు అచ్చు వేసుకుంటూ బతుకుతున్నాను. కరోనా వచ్చాక పెళ్ళికి పదిమంది కన్నా రాకూడదన్నారు. పదిమందిని పిలవడానికి శుభలేఖ దేనికి, గుమ్మంలో నిలబడి కేకేస్తే చాలు. బోయిన్‌పల్లి పెళ్ళివారొకరు ఒకే పెళ్ళికి మూడుసార్లు ముహూర్తం మార్చారు. నాలుగోసారి వధూవరులు ఫోను ముందు కూర్చుని పెళ్ళి చేసుకున్నారు. నాకూ వాట్సాప్‌లో పిలుపు వచ్చింది, సకుటుంబంగా రావలెనని. లింకు తెరుచుకోలేదు.

2. సదరు దుకాణములో ఇద్దరు పనివారు; ముగ్గురమూ ఈ సహాయానికి వేర్వేరుగా దరఖాస్తు పెట్టుకున్నాం. రజిత కంప్యూటరు మీద అక్షరాలు కూర్చేది. నోవహు ప్రింటింగ్ చూసేవాడు. ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. బంగారు రంగు సిరాను ఆయన పరిచినట్టు ఈ జంటనగరాల్లో ఇంకెవరూ పరచలేరు. ఇది నా మాట కాదు, నా పోటీదారులే ఆయన్ని లాక్కుపోవాలని చూస్తూ చెప్పిన మాట.

3. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. శుభలేఖల దుకాణంలో అశుభం పలకకూడదు. ఇది మేము కొత్తగా పెట్టిన రూలు కాదు, మా వ్యాపారంలో అందరూ పాటించేదే. పెళ్ళి కార్డు కోసం వచ్చినవాళ్ళ చెవిన 'లేదు', 'పోయింది', 'మునిగింది' అనే మాటలు పడకూడదు. గులాబీ రంగు కార్డు అయిపోతే 'రేపు వస్తుంది' అంటాం. ఏ కార్డయినా మొదటి ప్రతికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాకే రెండోది తీస్తాం. ఇక దీపం పెట్టే వేళ సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు లక్ష్మీదేవి గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తుంటుందట. ఆ సమయంలో మా వాళ్ళు తలనొప్పి అని కూడా అనరు. నోవహు క్రైస్తవుడు. ఆదివారం చర్చిలో ఏం ప్రార్థిస్తాడో నాకు తెలియదు గానీ, మిగతా ఆరు రోజులూ మా లక్ష్మీదేవికి ఆయనే కాపలా.

4. తమ కార్యాలయపు సర్వేయరు ఉదయ్ భాస్కర్ గారు జూన్ 25న, అనగా శుక్రవారం, సాయంత్రం ఆరున్నర దాటాక మా దుకాణానికి వచ్చారు. తమరు క్యాలెండరు తీసి చూసుకోవచ్చు. వారంలో ఏడు రోజులు, రోజుకు ఇరవై నాలుగు గంటలు ఉండగా తమవారికి దొరికిన వేళ అది. నా భార్య రాజ్యం అప్పుడే దీపం వెలిగించింది. అగ్గిపుల్ల ఇంకా చేతిలోనే ఉంది.

"అంకుల్, కోవిడ్ వల్ల మీకేమైనా లాస్ వచ్చిందా?" అని అడిగాడాయన.

రాజ్యం నావైపు చూసింది. ముప్పై రెండేళ్ళ కాపురం, ఆ చూపుకు అర్థం నాకు తెలుసు.

"అంతా ఆ తల్లి దయ బాబూ. బాగుంది," అన్నాను.

"అంటే లాస్ లేదా?"

"మా షాపులో అలాంటి మాటే రాదు."

"బిజినెస్ నార్మల్‌గానే ఉందా?"

"దివ్యంగా ఉంది."

'దివ్యంగా' అనవలసిన అవసరం లేదు. అది నా స్వయంకృతం, ఒప్పుకుంటున్నాను.

తరువాత ఆయన నోవహు వైపు తిరిగాడు. నోవహు మే నెలంతా కరోనాతో ఆసుపత్రిలో ఉండి, నన్ను చూసిపోదామని ఆ రోజే దుకాణానికి వచ్చాడు. అప్పటికి జీతం అందుకుని నాలుగు నెలలైంది.

"మీకు శాలరీ వస్తోందా?"

నోవహు దీపం వైపు చూశాడు, నావైపు చూశాడు. "వస్తుంది సార్. ఫికర్ ఎందుకు."

"హెల్త్ ఎలా ఉంది?"

"మస్తుగున్న సార్."

ఈ రెండు ముక్కలు అనడానికి ఆయన మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. తమవారి ట్యాబ్‌లో ఊపిరికి గడి లేదు. శుక్రవారం కనుక రాజ్యం వచ్చినాయనకు ప్రసాదం పెట్టింది. ఫొటో తీస్తానంటే నేను అలవాటుకొద్దీ నవ్వాను.

5. పై సూచికలోని ఉత్తరాన్ని తమరికే ఒకసారి చదివి వినిపిస్తాను: "దరఖాస్తుదారుని దుకాణమున దీపము, పూలమాల, తీపి పదార్థము మరియు చిరునవ్వు గమనించబడినవి కావున వ్యాపారము సజావుగా సాగుచున్నట్లు నిర్ధారించడమైనది. యజమాని, కార్మికుని మాటలు సరిపోలినందున ఇరువురి దరఖాస్తులు తిరస్కరించడమైనది." అయ్యా, ఇంత అందమైన కితాబు నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. మంచి రోజుల్లో ఇచ్చి ఉంటే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేవాడిని.

6. ఉత్తరం పట్టుకుని తమ కౌంటరు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కిషన్ అనే ఉద్యోగి ఉన్నాడు.

"ఏంది సేటూ, మీ నోటితోనే మంచిగుందన్నరు. గిప్పుడు నష్టమంటరేంది? జెర ఒక్క మాట మీద ఉండరాదు?" అన్నాడు.

దీపం సంగతి మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మా ఇంట్ల సుత గంతే. దీపం ముట్టించినంక మా అమ్మ చేతిల నుంచి ఉప్పుగల్లు బయటికి పోదు," అన్నాడు.

"అయితే నీకు అర్థమైనట్టే కదా నాయనా?"

"నాకైతే అర్థమైంది సేటూ. గీ కంప్యూటర్‌కు ఎట్ల సమజ్ చేయాలె? మీరు పెద్దసారుకు రాయుండ్రి."

కనుక రాస్తున్నాను.

7. ఇంకొక సంగతి. రజితకు తమరి సహాయం అందింది. సర్వే రోజున ఆమె దుకాణంలో లేదు. తమవారు ఫోను చేస్తే ఏ.ఎస్. రావు నగర్‌లోని తన ఇంట్లో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది: "మా సార్ షాపు మునిగిపోయింది సార్, మాకు జీతాల్లేవు." అమ్మాయి తెలివైనది, దీర్ఘాయుష్మంతురాలు కావాలి. అయితే ఒకే దుకాణం తమ కంప్యూటరులో ఒక పేజీలో మునిగి, ఇంకో పేజీలో దివ్యంగా ఉంది. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చవలసిన బాధ్యత ప్రభుత్వానిదే కదా.

8. నోవహు ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్లో తెల్లవారుజామున కూరగాయల బస్తాలు దించుతున్నాడు. బరువులెత్తితే ప్రమాదమని డాక్టరు చెప్పి పంపిన మనిషి. "నీ మటుకు నువ్వు వేరే అర్జీ పెట్టు, మా సేట్ చెప్పింది నిజం కాదని రాయి," అని నేనే చెప్పాను.

"గట్ల రాస్తే మీరు అబద్ధమాడినట్టు కాదా సేట్? దీపం ముంగట అన్న మాట. ఉండనీయుండ్రి," అన్నాడు.

అయ్యా, నా మాటకు ఇంత విలువ ఇచ్చినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు. నేను బాగుందన్నాక తాను బాగోలేదనడం తప్పని ఆయన అనుకున్నాడు. అందుకని బస్తాలు మోస్తున్నాడు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే నాకు సిగ్గేస్తున్నది. ఇది అర్జీలో రాయదగిన అంశమో కాదో తెలియదు, నంబరు వేసి మరీ రాస్తున్నాను.

కావున తమరిని కోరునది ఏమనగా:

(అ) పునఃపరిశీలన గడువు ఈ నెలాఖరుతో ముగియుచున్నందున, అంతలోపల సర్వేయరు గారిని మరల పంపవలెను.

(ఆ) వారు మధ్యాహ్నం మూడింటికి, శుక్రవారం కాకుండా రావలెను. దుకాణంలో కాలు పెట్టరాదు. రోడ్డుకు అవతల ఉన్న టీ హోటల్లో కూర్చుంటే నేనూ నోవహూ వచ్చి మా నష్టములన్నీ సవివరంగా చెప్పుకుంటాము. అవసరమైతే ఏడుస్తాము. టీ మాదే.

(ఇ) నిధులు చాలక ఒకరికే ఇవ్వగలిగిన పక్షంలో నా పేరు కొట్టివేసి నోవహు పేరు ఉంచవలెను. 'దివ్యంగా' అన్నవాడికి ఆ శిక్ష న్యాయమే.

కొంచెం నవ్వుకున్నా సరే, ఆ తరువాత చిత్తగించవలెనని ప్రార్థన.

తమ రికార్డుల ప్రకారం బాగున్న,
తమ విధేయుడు,
చుండూరి వెంకటేశ్వర్లు

తా.క. ఈ అర్జీ మీద నోవహు సంతకం కూడా ఉంటే బాగుంటుందని ఈ ఉదయం బోయిన్‌పల్లి వెళ్ళాను. టమాటా బస్తాల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. "ఎలా ఉన్నావు నోవహూ?" అని అడిగాను.

"మస్తుగున్న సేట్," అన్నాడు.

అక్కడ దీపం లేదు, దుకాణం లేదు, లక్ష్మీదేవి పటమూ లేదు. ఉన్నది నేనొక్కడినే. ఇన్నాళ్ళూ తప్పు వేళదనుకున్నాను. నేను ఎదురుగా ఉన్నంతకాలం ఈ మనిషి బాగున్నాననే అంటాడు. టీ హోటల్లో కూర్చోబెట్టి అడిగినా అదే చెప్తాడు. ముందు నేను నోరు విప్పాలి.

కనుక (ఆ) అంశాన్ని రద్దు చేసుకుంటున్నాను. ఉదయ్ భాస్కర్ గారిని శుక్రవారమే పంపండి, దీపం పెట్టే వేళకే పంపండి. దుకాణంలోనే, ఆ పటం ముందే, నోవహుకు వినబడేలా చెప్తాను: మా వ్యాపారం మునిగింది, ఈయనకు నేను నాలుగు నెలల జీతం ఇవ్వలేదు, ఈయన ఒంట్లో బాగోలేదు అని. లక్ష్మీదేవికి కోపం వస్తే రానీయండి. ఆవిడ మా గుమ్మం తొక్కి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు కొత్తగా వెళ్ళిపోయేది ఏమీ లేదు. రాజ్యానికి కూడా చెప్పేశాను. దీపపు కుంది తుడుస్తూనే "చెప్పండి" అంది.

నా తరువాత నోవహు చెప్తాడు. తమవారిని మాత్రం తొందరపడి ట్యాబ్ మూయవద్దనండి. ఆయన ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకోవాలి.