ఎనిమిదిలోపు ముట్టు అవ్వా

నీ మనసుల మాట చెప్పకుండనే చచ్చిపోయినవ్ అవ్వా, గదే కన్నతల్లివి నువ్వు నాకు చేసిన అన్యాయం. నా అండాలు పనికిరావు, ఇంకో ఆడిమనిషి ఇచ్చిన అండంతో బిడ్డను కంటనంటే నువ్వు సరే అనలే, వద్దనలే. బీడీ ఆకు కత్తిరించుకుంటనే కూసున్నవ్.

రేపు నీ సంవత్సరీకం. రేపే పదిన్నరకు నిజామాబాద్ దవాఖానల గా అండంతో తయారుచేసిన పిండాన్ని, ఎంబ్రియోను, నా కడుపుల పెడుతరు. దాని వయసు ఐదు రోజులు. కడుపు కూడా గంతకే తయారుండాలని ఐదు రోజుల సంది సూదులు ఏసుకుంటున్న. ఉన్నది గదొక్కటే. గడ్డకట్టించిన దాన్ని పొద్దుగాల్నే కరిగిస్తరు, కరిగినంక ఎల్లుండి దాకా ఆగదు.

బాపేమో, "మీ అవ్వకు పెట్టిన బువ్వ కాకి ముట్టేదాక ఎవ్వరూ గడప దాటొద్దు బిడ్డా" అంటున్నడు.

"బతికున్నప్పుడే బువ్వకు పదిసార్లు పిలవాల్సొస్తుండె అవ్వను" అంటే నవ్విండు. నాకు నవ్వు రాలే. కాకి రాకపోతే నీకీ బిడ్డ ఇష్టం లేనట్టే కద? గదే నా భయం.

నేను బోధన్ల ఎనిమిదిన్నర బస్సెక్కాలె. ఇష్టముంటే ఎనిమిదిలోపు వచ్చి ముట్టు. ఇష్టం లేకున్నా ముట్టు. కొట్లాట తర్వాత పెట్టుకుందం.