చెవికి అందని చేయి

జూలై 4, శుక్రవారం

పదో తరగతి పరీక్ష తరువాత ఇంత పొడవుగా రాయడం ఇదే. ఇన్నేళ్ళూ రేషను కాగితాల మీద సంతకం, పెళ్ళి కవర్ల మీద పేరు — అంతే. ఇప్పుడు రాయక తప్పడం లేదు. స్వామికి అయిదు రోజులుగా చెప్పుకుంటున్నాను. ఆయన విన్నాడు, అది తెలుసు. కానీ ఇంట్లోవాళ్ళకు చెప్పలేని మాట ఒకటి లోపల ఉంటే, మగ్గానికి పడుగు దారాలు, అదే వార్పు, అతికేటప్పుడు వేళ్ళు ఆగిపోతున్నాయి. కాగితానికి చెప్పి చూస్తాను.

ఆదివారం మధ్యాహ్నం పెనుకొండ పోలీసు స్టేషను నుంచి ఫోను. నా కొడుకు హరి, ముగ్గురు స్నేహితులు, కొండ కింద రోడ్డు పక్కన బీరు తాగుతూ పట్టుబడ్డారు. హరి! హిందూపురంలో ఎం.కాం. ఆఖరి ఏడు చదివేవాడు. శనివారం గుడికి పోకుండా అన్నం ముట్టనివాడు.

వయసెంత అని అడిగితే పందొమ్మిది అన్నాడట. ఇరవై ఒకటి నిండనివాళ్ళు తాగకూడదట. అందుకని రెండు కేసులు రాశారు — బయట తాగినందుకు ఒకటి, వయసు చాలనందుకు ఇంకొకటి. పదిహేనో తేదీ కోర్టు.

జూలై 5, శనివారం

హరి గుడికి పోయి వచ్చాడు. అడగకుండానే.

మా ఆయన వాణ్ణి మగ్గం గుంతలోకి దిగనివ్వడం లేదు. "కోర్టు తేలేదాకా ఆ చేత్తో మగ్గం నెయ్యొద్దు" అన్నారు. కోపంగా కూడా కాదు, మామూలుగా. హరి తల ఊపి నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

జూలై 7, సోమవారం

హరి వార్పు అతకడం నేర్చుకుంటున్నాడు. అయిపోయిన వార్పు కొసకు కొత్త వార్పు కొస... ఒక్కొక్క పోగూ బూడిద అద్దిన వేళ్ళతో మెలి పెట్టాలి. వేల పోగులు. నాకు రెండు రోజులు పట్టే పని.

"ఇంత సన్నపోగు నీకెట్ల కనపడతాదిమ్మా?"
"కనపడదురా. వేలికి తెలుస్తాది."

నాలుగు పోగులు తెంపాడు. అయినా సంతోషంగా ఉంది. వీడు నా పక్కన ఇంతసేపు కూర్చుని ఎన్నేళ్ళయిందో. కేసు వల్ల సంతోషం అంటే పాపమేమో. ఉన్నది రాస్తున్నాను.

జూలై 8, మంగళవారం

పెనుకొండలో ప్లీడరు గారి దగ్గరికి ముగ్గురం పోయాం. హరి ఆధార్ కార్డు చేతిలోకి తీసుకుని నవ్వారు.

"ఏమప్పా, దీంట్లో ఇరవై ఒకటి నిండినాయే! ఇది చూపిస్తే రెండోది ఎగిరిపోతాది. జరిమానా కట్టి ఇంటికి పోవచ్చు. అది నిలబడితే మాత్రం కాలేజీకి కాగితం పోతాది. పరీక్షకు కూర్చోనిస్తారో లేదో నేను చెప్పలేను."

మా ఆయన: "ఆ ఆధారోళ్ళు తప్పు కొట్టినారు సార్. మా సొంత మగ్గం వేసిన శ్రావణంలో పుట్టినాడు వీడు. వచ్చే నెలకు ఇరవై. నా పేర్లోనే ఒక అక్షరం మింగినారు వాళ్ళు!"

"ఆ తప్పే మిమ్మల్ని కాపాడతాండాది, ఉండనీప్పా."

అందరూ నవ్వారు. నేను నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆధారోళ్ళు తప్పు కొట్టలేదు. బడి కాగితం చూసి రాసుకున్నారు. బడి కాగితం నన్ను అడిగి రాశారు.

జూలై 9, బుధవారం

ఇదీ ఆ మాట.

హరికి నాలుగు కూడా నిండలేదు. పెళ్ళయిన పదేళ్ళకు పుట్టిన బిడ్డ, కొంగు వదిలేవాడు కాదు. ఒకరోజు నేను పొయ్యి దగ్గర ఉండగా, పరిచిన పట్టు వార్పు మీద దొర్లి దొర్లి ఆడాడు. మూడు రోజుల పని చిక్కు పడింది. ఆయన బయటి నుంచి వచ్చి చూసి అడిగితే, పిల్లి అన్నాను.

మరుసటి రోజే బడికి తీసుకుపోయాను. అయిదు నిండాయి సార్ అన్నాను. అయ్యవారు వాడి కుడి చేయి తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని అందుకోమన్నారు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందలేదు. వేళ్ళు చెవి పైన ఆగిపోయాయి. వాడు నా ముఖం చూశాడు. నేను జుట్టు సవరించినట్టు తల మీద చేయి పెట్టి, కొంచెం వంచాను.

అందింది. రాసుకున్నారు.

జూలై 11, శుక్రవారం

పోగులు అతుకుతూ హరి తనంతట తానే చెప్పాడు. "క్లాసులో అందరికన్నా నేనే చిన్నోణ్ణిమ్మా. బడిలోనూ అంతే. బుడ్డోడా, బుడ్డోడా అంటారు. ఒక్క సీసా పట్టుకుంటే అనరనుకుంటి."

"ఎట్లుండాది మరి ఆ బీరు?"
"కాకరకాయ ఉడకబెట్టిన నీళ్ళు."

నవ్వు వచ్చింది. తరువాత లోపలికి పోయి దేవుని మూలన కాసేపు కూర్చున్నాను. వాణ్ణి పెద్దవాళ్ళ మధ్యలో కూర్చోబెట్టింది ఎవరు? నేనే కదా.

జూలై 13, ఆదివారం

హరికి చెప్పేశాను. చెవి సంగతి, తల వంచిన సంగతి, అంతా.

కోపం వస్తుందనుకున్నాను. వాడు కుడి చేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకున్నాడు. "ఇప్పుడు బాగా అందుతాది చూడు." పట్టుకునే ఉన్నాడు చాలాసేపు.

తరువాత నెమ్మదిగా — "కోర్టులో చెప్తావామ్మా? చెప్తే పరీక్ష పోవచ్చు."
"నువ్వేం చెప్తావురా?"
"స్టేషన్లో పందొమ్మిదని చెప్పినా కదా. ఇప్పుడు ఎట్ల మార్చేది?"

జూలై 14, సోమవారం

వార్పు పూర్తయింది.

జూలై 15, మంగళవారం

కోర్టు. జడ్జి ఆడమనిషి. నాకంటే చిన్నది, కళ్ళజోడు. వయసు అడిగింది. "పందొమ్మిది మేడం" అన్నాడు హరి. ప్లీడరు గారు ఆధార్ కార్డు ఇచ్చారు. ఆమె కార్డు చూసి, వాణ్ణి చూసి, "ఏది నిజం?" అంది.

వాడు నా వైపు చూశాడు. ఆ బడిలో చూసినట్టే.

లేచి నిలబడ్డాను. "గట్టిగా చెప్పమ్మా, వినపడటం లేదు" అంది జడ్జి. నా గొంతే అంత. మళ్ళీ చెప్పాను. మూడోసారి అందరికీ వినపడింది. వార్పు, బడి, చెవి, నా చేయి.

ఎవరో వెనక నవ్వారు. ఆమె నవ్వలేదు. "తల వంచావా" అని మాత్రం అంది, మెల్లగా. మొదటి దానికి జరిమానా వేసింది, కట్టాం. రెండోదానికి — "నేను కాగితాన్నే నమ్మాలి. పుట్టిన ఆస్పత్రి రికార్డు ఉంటే తీసుకురండి, ఇరవై తొమ్మిదికి రండి" అంది. ప్లీడరు గారు కాగితాలు సర్దుకుని మాకంటే ముందే బయటికి పోయారు.

బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ధర్మవరం దగ్గర పడుతుండగా —

"ఏమ్మే, అయితే ఆ పొద్దు పిల్లి కాదా?"
"కాదు."
"పాపం దాన్ని సంచిలో యేసుకోని పోయి ఊరి బయట వదిలేసి వస్తినే!"

హరి ముందు నవ్వాడు. తరువాత ఆయన. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి — నవ్వుకే అనుకుంటాను.

జూలై 16, బుధవారం

పొద్దున పూజలో ఉండగా ఆయన గొంతు. "ఏమబ్బా, ఇంకా చూస్తాండావేంది? దిగు గుంతలోకి."

కోర్టు తేలలేదు కదా అని నేను అనలేదు. మగ్గం చప్పుడు విన్నాను. హరి కాళ్ళు తొక్కే తీరు వేరు, కాస్త తొందర. మేమిద్దరం అతికిన వార్పే అది. ఒక్క పోగూ తెగలేదు.

జూలై 18, శుక్రవారం

హిందూపురం పోయాను, ఒక్కదాన్నే. నా పుట్టిల్లు ఆ ఊరే. హరి పుట్టింది అక్కడి ఆస్పత్రిలోనే.

"ఇరవై ఏండ్ల కిందటి బుక్కులా? పై గదిలో కట్టలు కట్టి ఉండాయమ్మా. చెదలు తినకుంటే దొరకొచ్చు. సోమారం రా" అన్నాడు గుమాస్తా.

వచ్చేదారిలో మల్లెపూలు కొన్నాను. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. మనసు తేలికగా ఉంది. ఎందుకో అడగకూడదు.

జూలై 20, ఆదివారం

రేపు మళ్ళీ పోవాలి. బుక్కు దొరికితే హరికి పందొమ్మిది, కాలేజీకి కాగితం. దొరకకపోతే ఇరవై ఒకటి, పరీక్ష. ఏది కావాలని మొక్కాలో తెలియలేదు. ఏమీ అడగకుండా దీపం పెట్టి వచ్చేశాను. మొక్కు లేకుండా దీపం పెట్టడం నాకు ఇదే మొదలు.

ఈ పుస్తకాన్ని తెగిన పట్టుకొసలు వేసే డబ్బాలో అడుగున పెడుతున్నాను. ఎప్పుడైనా ఎవరి చేతికైనా దొరికితే — చించవద్దు, పొయ్యిలో వేయవద్దు. ఉన్నచోటే ఉండనివ్వండి. ఎవరికీ చూపవద్దు. మళ్ళీ కొసలు కప్పేయండి.